టీసీ ఫారంలో ఆఖరి గడి

బెంగళూరులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అడ్మిషన్లు, మార్కుల కార్డులు, బోనఫైడ్‌లు, టీసీలు అన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. మా కాలేజీ యలహంక వైపు ఉంది. హిందూపురం, అనంతపురం, కదిరి నుంచి వచ్చే పిల్లలకు ఇది దగ్గర. నా పుట్టిల్లు పెనుకొండ. అందుకని సీనియర్లు కొత్త పిల్లలతో "ఆఫీసులో తెలుగు మేడమ్ ఉంది, ఆమెను అడుగు" అని చెప్పి పంపిస్తారు. ఇంత మందికి తెలిసిన మనిషినై ఉండి కూడా, చదువు మధ్యలో మానేసి పోతున్న పిల్లలను ఎందుకు పోతున్నావని చాలా ఏళ్లు నేను అడగలేదు. ఎలా అడగాలో నేర్చుకున్న సంగతి ఇది.

కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెండో సెమిస్టర్ చివర టీసీ కావాలని వచ్చాడు. మెకానికల్ బ్రాంచి. బాకీలేమీ లేవని ఒక్కో విభాగం సంతకం పెట్టే నో డ్యూస్ ఫారం ఇచ్చాను. మా ఫారంలో పదకొండు సంతకాలు ఉండేవి. లైబ్రరీ, ఒక్కో ల్యాబ్, వర్క్‌షాప్, హాస్టల్, బస్సు, స్పోర్ట్స్, అకౌంట్స్, బ్రాంచికి పెద్ద అయిన హెచ్ఓడీ, ఆఖర్న ప్రిన్సిపాల్. ఒక్క రోజులో అన్నీ చేయించుకొచ్చాడు. ఆఖరి గడి "మానేయడానికి కారణం". అందులో "వ్యక్తిగత కారణాలు" అని రాశాడు. నిజానికి అందరూ అదే రాసేవాళ్లు. ముందు వాళ్లు రాసింది చూసి వెనకవాళ్లు రాసేవాళ్లు. ఆ గడి నింపారా లేదా అని చూడటమే నా పని. అందులో ఏముందో చదివేదాన్ని కాదు.

టీసీ చేతికి ఇచ్చే రోజు వాళ్ల నాన్న వచ్చాడు. సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "వానికి చదువు రాక కాదు మేడమ్. కామెర్లు వచ్చి మూడు వారాలు ఇంట్లోనే పడుకున్న్యాడు. అటెండెన్స్ తక్కువైందంట, పరీక్ష రాయనీరంట. ఇంక ఏడాది పోయినట్లే కదా అని మానుకుంటాననె."

ఆయన వెళ్లిపోయాక అబ్బాయి హాజరు తీసి చూశాను. 78 శాతం. మా కాలేజీ బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఉంది, అందరూ వీటీయూ అంటారు. అక్కడ ప్రతి సబ్జెక్టులో 85 శాతం హాజరు ఉండాలి. కానీ జబ్బు లాంటి సరైన కారణం చూపిస్తే 10 శాతం వరకు మినహాయింపు ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. అంటే ఆ అబ్బాయికి దారి ఉంది. ఆ దరఖాస్తు ఫారాలు ఉండేది నా వెనక బీరువాలోనే. అతను నా ఎదురుగా నిలబడ్డ రెండు సార్లూ ఆ బీరువా నాకు ఒక అడుగు దూరంలో ఉంది.

తర్వాత కనుక్కుంటే ఇంకో సంగతి తెలిసింది. అతను క్లాసులో అడగకపోలేదు. "మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకో" అన్నారట. ఊళ్లో కామెర్లకు పసరు మందు వేయించారు. పసరు పోసిన ఆయన సర్టిఫికెట్ ఎక్కడి నుంచి ఇస్తాడు? కదిరిలో చేయించిన రక్త పరీక్ష కాగితం మాత్రం ఇంట్లో ఉంది. అది తెచ్చినా చాలు, మిగతాది మేం చూసుకునేవాళ్లం. అలాంటి కాగితం కూడా పనికొస్తుందని అతనికి చెప్పినవాళ్లు లేరు. చాలా రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు.

అదే ఏడాది ఇంకో గొడవ వచ్చింది. అప్పట్లో మా దగ్గర పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడ్మిషన్ రోజే తీసుకుని బీరువాలో పెట్టేవాళ్లు. ఎవరైనా మానేస్తానంటే మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కట్టి తీసుకుపొమ్మనేవాళ్లు. ఆ లెటర్లు టైపు చేసింది నేనే. ఒక తండ్రి దీని మీద పైకి ఫిర్యాదు పెట్టాడు. జవాబు తయారు చేయమని నాకు అప్పగించారు. జవాబు రాయాలంటే నిబంధనలు చదవాలి కదా, కూర్చుని మొత్తం చదివాను.

విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఒరిజినల్స్ చూసి, సరిపోల్చుకుని, విద్యార్థికి వెనక్కి ఇచ్చేయాలి. కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతి ఇచ్చే ఏఐసీటీఈ హ్యాండ్‌బుక్ కూడా అదే చెబుతుంది. మధ్యలో మానేసిన విద్యార్థిని రాబోయే సంవత్సరాల ఫీజు అడగకూడదని, క్లాసులు మొదలయ్యే ముందే మానుకుంటే 1000 రూపాయలకు మించి పట్టుకోకూడదని అందులో ఉంది. చేరాక మానేసి, ఆ సీటు అడ్మిషన్ల గడువులోపు వేరేవాళ్లతో నిండితే ఉన్న నెలల లెక్క మాత్రమే తీసుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. డబ్బు, సర్టిఫికెట్లు ఇవ్వడానికి గడువు ఏడు రోజులు. ఇవన్నీ నేను 14 ఏళ్లలో ఎప్పుడో చదివి ఉండాల్సినవి.

ఆ కాగితాలు తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన కొత్తగా వచ్చారు, వినే మనిషి. "సర్టిఫికెట్లు ఇచ్చేస్తే పిల్లలు ఆగుతారామ్మా? మేనేజ్‌మెంట్ అడిగేది అదే" అన్నారు. "బీరువాలో పెట్టినా ఎవరూ ఆగడం లేదు సార్. టీసీ కూడా అడగకుండా ఊరికి పోయి కూర్చుంటున్నారు" అన్నాను. అది నిజం. బీరువాలో అలా మిగిలిపోయిన కవర్లు కొన్ని ఉండేవి. ఆ పిల్లలకు ఇంకో కాలేజీలో చేరే దారి కూడా మూసుకుపోయింది. ఆ కవర్లు తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టాను. ఒక్కొక్కటి తెరిచి పేర్లు చదివారు. మా రిజిస్టర్లలో పిల్లలకు పేరు ఉండదు, యూఎస్ఎన్ ఉంటుంది, పది అక్షరాలు, అంకెలు కలిపిన నంబరు. పేరు చదివితే మనిషి గుర్తొస్తాడు. ఒక సెమిస్టర్ పాటు నా పద్ధతిలో చేసి చూడమన్నారు.

మొదటి ప్రయత్నం పూర్తిగా దెబ్బతింది. టీసీ అడిగినవాళ్లు ముందుగా హెచ్ఓడీని, ప్రాక్టర్‌ని కలవాలని పెట్టాను. బెంగళూరు కాలేజీల్లో ఇరవై మంది పిల్లల బాగోగులు చూసే లెక్చరర్‌ని ప్రాక్టర్ అంటారు. తల్లిదండ్రులను కూడా పిలిచాం. గదిలో నలుగురు పెద్దవాళ్లు, నడుమ తల దించుకున్న పిల్లవాడు. హెచ్ఓడీ చదువు విలువ గురించి చెబుతారు, తండ్రి "అప్పు చేసి పంపిస్తే ఇదా" అని అరుస్తాడు, తల్లి ఏడుస్తుంది. అరగంట అయ్యాక పిల్లవాడు "ఇంట్లో ప్రాబ్లం సార్" అంటాడు. ఇల్లు మొత్తం ఎదురుగానే కూర్చుని ఉంది, వాడు ఇంకేం చెప్పగలడు. కొందరు ఈ మీటింగుకు భయపడి ఫారం తీసుకోవడమే మానేశారు.

అప్పుడు నాకు తట్టింది డబ్బు సంగతి. టీసీకి వచ్చే పిల్లల భయం అంతా అక్కడే ఉంటుంది. కట్టింది పోతుందేమో, సర్టిఫికెట్లు ఇవ్వరేమో, నిజం చెబితే దాన్నే పట్టుకుని ఇబ్బంది పెడతారేమో. ఆ భయం ఉన్నంతసేపు వాళ్లు బేరం ఆడుతున్నట్టే మాట్లాడతారు. అందుకని వరస తిప్పేశాను. ముందు లెక్క, తర్వాత మాట.

ఇప్పుడు ఎవరు ఫారం అడిగినా ఆ రోజే ఒక కాగితం తయారు చేసి ఇస్తాను. ఎంత కట్టావు, ఎంత తిరిగి వస్తుంది, ఏది ఎందుకు తగ్గింది, చేరినప్పుడు హామీగా కట్టిన కాషన్ డిపాజిట్ ఎప్పుడు వస్తుంది, టీసీ ఏ తేదీకి రెడీ అవుతుంది. కింద అకౌంట్స్ సంతకం, స్టాంపు. పదకొండు సంతకాలను నాలుగుకు తగ్గించాం. ల్యాబుల బాకీలు కంప్యూటర్‌లోనే కనిపిస్తాయి, పిల్లవాడు ఇక తిరగనక్కర్లేదు. కాగితం చేతికిచ్చి చెబుతాను: "ఇది నీది నాయనా. నువ్వు ఉన్నా పోయినా ఈ కాగితం మారదు. ఇంక నీతో ఒక పది నిమిషాలు మాట్లాడాలనుంది, ఇష్టమైతేనే."

చాలామంది కూర్చుంటారు. కాగితం మీద స్టాంపు చూశాక వాళ్ల భుజాలు కిందికి దిగుతాయి, అది కళ్లారా చూశాను. మాట్లాడేది ఆఫీసు కౌంటర్ దగ్గర కాదు, వెనక స్టేషనరీ గదిలో రెండు కుర్చీలు వేయించాను. తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతాను. తెలుగు పిల్లలతో తెలుగులో. మిగతావాళ్లకు కన్నడ వచ్చినవాళ్లు, హిందీ వచ్చినవాళ్లు ఒక్కొక్కరిని పెట్టుకున్నాం.

అప్పుడు బయటికి వచ్చిన కారణాలు వింటే, ఇన్నేళ్లు ఫారంలో ఒకే మాట కింద ఎన్ని రకాల కష్టాలు దాగి ఉన్నాయో అనిపించింది.

పుట్టపర్తి వైపు అమ్మాయి ఒకతె, ఎలక్ట్రానిక్స్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పాఠం ఇంగ్లీషులో ఉన్నా ఎలాగోలా నెట్టుకొస్తోంది. కానీ లెక్చరర్ మధ్యలో కన్నడలో ఏదో అంటారు, క్లాసంతా నవ్వుతుంది, తనకు అర్థం కాదు. "నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపిస్తుంది మేడమ్" అంది. వారమంతా ఆమె కాస్త నవ్వుతూ కూర్చునేది ఒక్క బళకె కన్నడ క్లాసులోనే. కన్నడ రాని పిల్లలకు వీటీయూ మొదటి ఏడాదిలో పెట్టిన సబ్జెక్టు అది. బయటి రాష్ట్రాల పిల్లలందరూ అక్కడ కలుస్తారు. మా కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక లెక్చరర్‌తో ఈ సంగతి చెబితే, అమెరికాలో విన్సెంట్ టింటో అనే సామాజిక శాస్త్రవేత్త 1975లోనే దీని గురించి రాశాడని చెప్పారు. చదువుతోనూ తోటివాళ్లతోనూ ముడి పడని విద్యార్థి ఎంత తెలివైనవాడైనా కాలేజీ వదిలిపోతాడని ఆయన వాదన. నాకు ఆ అమ్మాయి ముఖమే గుర్తొచ్చింది. ఆమె గదిని బళకె కన్నడ క్లాసులోని ఇంకో అమ్మాయి గదికి మార్పించాం. సాయంత్రం మ్యాథ్స్ చెప్పడానికి తాడిపత్రి సీనియర్ ఒకతె ఒప్పుకుంది. టీసీ ఫారం నా దగ్గరే ఉండిపోయింది, ఆమె వచ్చి అడగలేదు. ఇప్పుడు మూడో ఏడాది.

హిందూపురం అబ్బాయి ఒకడిది లోన్ భయం. వాళ్ల అమ్మకు ఆపరేషన్ అయింది, ఒక సెమిస్టర్ ఇంట్లో ఉండాలి. ఆగితే బ్యాంకువాళ్లు వెంటనే కంతులు మొదలుపెడతారని ఎవరో చెప్పారట. అందుకని మొత్తం మానేసి ఏదో పనిలో చేరిపోదామనుకున్నాడు. ఎడ్యుకేషన్ లోన్‌లో మామూలుగా కోర్సు పూర్తయ్యాక ఒక ఏడాది దాకా కంతులు ఉండవు. సకాలంలో కోర్సు పూర్తి కాకపోతే సరైన కారణం చూపించి గడువు పొడిగించుకునే వీలు బ్యాంకుల పథకంలోనే ఉంది. కోర్సు మానేస్తేనే కంతులు ముందుకొచ్చి పడతాయి. ప్రిన్సిపాల్ గారితో ఒక లెటర్ రాయించి, అబ్బాయిని, వాళ్ల మామను బ్యాంకుకు పంపించాను. మేనేజరు ఒప్పుకున్నాడు. ఆరు నెలల తర్వాత వచ్చి వెనక బ్యాచ్‌తో కూర్చున్నాడు.

నిద్ర పట్టడం లేదని, ఎందుకు బతుకుతున్నానో తెలియడం లేదని చెప్పిన పిల్లలూ ఉన్నారు. అక్కడ నా బుద్ధి చాలదు, చాలుతుందనుకోవడం తప్పు. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడటానికి 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. దాని ప్రధాన కేంద్రం మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనే ఉంది. ఆ నంబరు టీసీ ఫారం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాను. అలాంటి మాట విన్న రోజు పిల్లవాణ్ణి ఒంటరిగా పంపించం. కౌన్సెలర్ వచ్చేదాకా పక్కనే ఎవరో ఒకరం ఉంటాం.

పోవాల్సినవాళ్లను ఆపకూడదని కూడా ఈ పనిలోనే తెలిసింది. ఒక అమ్మాయికి తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్స్ సీటు వదులుకుంటావా అని అందరూ అడ్డుకున్నారు. నాలుగు రోజుల్లో ఆమె కాగితాలన్నీ చేతికిచ్చాం.

ఇంకొకరి సంగతి చెప్పక తప్పదు. నా పద్ధతి బాగా నడుస్తోందని నాకే నమ్మకం పెరిగిన రోజుల్లో, ధర్మవరం అబ్బాయి ఒకడు వచ్చాడు. వాడికి ఇంజినీరింగ్ ఇష్టం లేదు. తేటగా, ఒక్క మాటలో చెప్పాడు. వాళ్లది మగ్గం పని, చీర డిజైన్లు గీస్తాడు, ఫోన్‌లో చూపించాడు కూడా. నేను విన్నాను, విని కూడా "ఇంకొక్క ఏడాది చూడు, అలవాటవుతుంది" అన్నాను. బ్రాంచి మార్పిస్తానన్నాను, ఫీజు వాయిదాలు పెట్టిస్తానన్నాను. నా మాట మీద ఆగాడు. ఏడాది తర్వాత అదే ఫారం కోసం వచ్చాడు. ఆ ఏడాది ఫీజు, హాస్టల్ డబ్బు వాళ్ల నాన్న నేత మీద సంపాదించినవి. అవి తిరిగి వచ్చేవి కావు. అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు, "పర్వాలేదు మేడమ్" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. కష్టం చెబితే దారి వెతుకుతాను. ఇష్టం లేదంటే దండం పెట్టి పంపిస్తాను. పంపించేటప్పుడు మాత్రం అప్పటిదాకా పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు, వాటిని విద్యార్థి పేరున ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో పడ్డాయో లేదో పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం అవి ఏడేళ్ల దాకా చెల్లుతాయి. ఎప్పుడైనా మళ్లీ చదవాలనిపిస్తే పనికొస్తాయి.

మేనేజ్‌మెంట్‌లో ఒకాయన ఇప్పటికీ అడుగుతుంటారు, "మీ వల్ల ఎంత మంది ఆగారు?" అని. ఆ లెక్క అడిగితే నాకు బాధగా ఉంటుంది. ధర్మవరం అబ్బాయి కూడా ఒక ఏడాది ఆ లెక్కలో ఉన్నాడు.

కదిరి అబ్బాయికి ఫోన్ చేయాలని ఎప్పటినుంచో అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన దసరా సెలవుల్లో చేశాను. ఊళ్లోనే డిగ్రీలో చేరాడట, బాగానే చదువుతున్నాడు. తప్పు మాదేనని చెప్పాను. హాజరు మినహాయింపు సంగతి నేను చెప్పి ఉండాల్సిందని అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆ మూడు వారాలు కాలేజీ నుంచి ఎవరన్నా ఫోన్ చేస్తారేమో అనుకున్నా మేడమ్. ఎవురూ చేయకపోతే, నేను లేకపోయినా వాళ్లకు తెలీదులే అనుకున్నా" అన్నాడు.

నేను అంతవరకు టీసీ ఫారం అడిగినవాళ్లతో మాట్లాడటమే పని అనుకున్నాను. ఫారం అడిగేసరికి ఆ పిల్లవాడు మనసులో ఎప్పుడో మానేసి ఉంటాడు. అతను క్లాసుకు రావడం లేదని వేలిముద్ర మిషన్‌కు తెలుసు, మొదటి ఇంటర్నల్‌లో మార్కులు పడిపోయాయని నా కంప్యూటర్‌కు తెలుసు, మెస్సులో తినడం లేదని వార్డెన్ పుస్తకానికి తెలుసు. మూడూ కలిపి చూసే మనిషి మాత్రం లేరు.

దసరా తర్వాత నుంచి సోమవారం పదకొండు గంటలకు ఆ మూడు లిస్టులు నా టేబుల్ మీదకు వస్తాయి. వరసగా నాలుగు రోజులు రాని ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తాం. "ఎందుకు రాలేదు" అని అడగం. "ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా" అని అడుగుతాం. జ్వరమో, కామెర్లో అంటే ఏ కాగితం ఉన్నా ఫోటో తీసి పంపమంటాం, చిన్న చీటీ అయినా సరే.

నిన్న సోమవారం ఏడు ఫోన్లు చేశాను. నలుగురికి వైరల్ జ్వరం. ఒకడు అక్క పెళ్లికి వెళ్లాడు, లీవు లెటర్ ఇవ్వాలని తెలియదన్నాడు. ఇద్దరు ఎత్తలేదు. వాళ్లలో ఒకతె హాస్టల్‌లోనే ఉంది, పొద్దున వార్డెన్ టిఫిన్ తీసుకుని ఆమె గదికి వెళ్లింది. ఇంకొకడు మత్తికెరె వైపు పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో ఉంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు నేనే చూసి వస్తానని అడ్రస్ రాసుకున్నాను.